పన్నెండేళ్ళ 26 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైకు): పార్టులు మార్చించాలా, కొత్తది కొనాలా?

బెళ్ళందూరు_బండి:

నమస్తే అండి, ఒక సలహా కావాలి. 2013లో కొన్న 26 అంగుళాల అల్యూమినియం హార్డ్‌టైల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది) ఉంది నా దగ్గర, మీడియం ఫ్రేము. ముందు సన్‌టూర్ ఎక్స్‌సీటీ 100 మి.మీ. కదిలే స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్ కాళ్ళు). గేర్లు 3×8: ముందు మూడు రింగులు 42-32-22 పళ్ళవి, వెనక ఎనిమిది 11-32, చైనును గేరు మార్చే డీరైలర్ షిమానో ఏసెరా. గేరు షిఫ్టరు, బ్రేకు లివరు ఒకే ముక్కగా వచ్చే రకం. వైరు డిస్కు బ్రేకులు, రెండు వైపులా 160 మి.మీ. రోటర్లు (బ్రేకు పట్టే బిళ్ళలు). బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ చేతులు, అంటే క్రాంకులు, తిరిగే ఇరుసు) స్క్వేర్ టేపర్, అంటే ఇరుసు చివరలు చతురస్రంగా ఉండే రకం.

వాడకం ఎక్కువగా బెంగళూరులో బెళ్ళందూరు నుంచి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు. ఆదివారాలు కుదిరితే నంది కొండకో, తురహళ్ళి అడవి వైపో. జంపులూ గింపులూ లేవు. బరువు 76 కిలోలు.

ఇబ్బందులు ఇవి. ముందు నడిమి రింగు మీద ఉండి గట్టిగా తొక్కితే చైను జారుతోంది. ఫోర్కు దాదాపు బిగుసుకుపోయింది, పెద్ద గుంతలో పడితే తప్ప కదలదు. నంది దిగేటప్పుడు బ్రేకు లివరు హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కాల్సి వస్తోంది. పెడలు తిరిగే చోట టక్ టక్ అని చప్పుడు.

షాపులో ఎయిర్ ఫోర్కు (స్ప్రింగు బదులు గాలి ఒత్తిడితో పనిచేసేది), హైడ్రాలిక్ బ్రేకులు (వైరు బదులు ఆయిల్‌తో పనిచేసేవి), 1×10 సెట్టు (ముందు ఒకటే రింగు, వెనక పది) అన్నీ కలిపి 38 వేలు చెప్పారు. ఆ డబ్బుకు ఇంకొంత వేస్తే కొత్తదే వస్తుంది కదా అని ఇంట్లో అంటున్నారు. ఫ్రేము చూస్తే బాగానే ఉంది, పారేయబుద్ధి కావట్లేదు. ఏం చేయమంటారు?

పానా_8_10:

38 వేలు ఇప్పుడే ఇవ్వకండి. ముందు పైసా ఖర్చు లేకుండా ఓ గంట బండి ముందు కూర్చోండి. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందుల్లో మూడు అరుగుదల వల్ల వచ్చేవే, వాటికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు.

మొదట సీటు పోస్టు. క్లాంపు వదులు చేసి పైకి లాగండి, కుడికీ ఎడమకీ తిప్పండి. కదిలితే సరే, తీసి శుభ్రంగా తుడిచి పల్చగా గ్రీజు రాసి పెట్టండి. కదలకపోతే మిగతావన్నీ ఆపి ముందు దాని సంగతి చూడాలి, ఎందుకంటే పట్టేసిన పోస్టున్న ఫ్రేము మీద పెట్టిన డబ్బు మళ్ళీ చేతికి రాదు.

రెండోది ఫ్రేము. తడిగుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. చూడాల్సిన చోట్లు: డౌన్‌ట్యూబ్ (కింది ఏటవాలు గొట్టం) హెడ్‌ట్యూబ్‌ను (హ్యాండిల్ కింది గొట్టం) కలిసే వెల్డింగు కింది భాగం, సీటు క్లాంపు కింద చీలిక చివర, బాటమ్ బ్రాకెట్ దగ్గర చైన్‌స్టే (వెనక ఇరుసు దాకా వెళ్ళే కింది గొట్టం) మొదలు, వెనక డిస్కు కాలిపర్ (రోటరును ప్యాడ్లతో నొక్కే భాగం) బిగించే లగ్గు చుట్టూ. గోరుతో అడ్డంగా గీయండి. పెయింటు పగిలితే గోరు పెద్దగా పట్టదు, లోహం పగిలితే పడుతుంది. అనుమానం తీరకపోతే వెల్డింగు సామాను అమ్మే షాపుల్లో డై పెనెట్రెంట్ అని మూడు స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది. ఆ చోట పెయింటు గీకేసి, క్లీనరుతో కడిగి, ఎర్ర రంగు కొట్టి పది నిమిషాలు వదిలి, పూర్తిగా తుడిచేసి తెల్ల డెవలపర్ కొట్టండి. పగులు ఉంటే తెల్లటి మీద ఎర్ర గీత తేలుతుంది. తేలిందా, ఇక చర్చ లేదు, ఆ ఫ్రేము పని అయిపోయినట్టే. అల్యూమినియం వెల్డింగు చేసి పెడతాం అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. 6061 లాంటి మిశ్రమాలు వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల మెత్తబడతాయి, మళ్ళీ హీట్ ట్రీట్‌మెంటు చేస్తే తప్ప పాత బలం రాదు. ఆ ఏర్పాటు వీధి వర్క్‌షాపులో ఉండదు.

మూడోది చైను. స్టీలు స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 12 అంగుళాలు కొలవండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం వస్తుంది. అది 1/16 అంగుళం దాటి పక్కకు పోయిందంటే చైను మార్చాలి. 1/8 దాటిందంటే క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల సెట్టు) కూడా పోయినట్టే. కొత్త చైను వేస్తే పాత పళ్ళ మీద ఇంకా ఎక్కువ జారుతుంది. మీది ముందు నడిమి రింగు మీదే జారుతోంది అంటున్నారు కాబట్టి ఆ 32 పళ్ళ రింగు కూడా చూడండి. పళ్ళు ఒక వైపుకు వంగి సొరచేప రెక్కల్లా సూదిగా ఉంటే మార్చాలి. ఇక్కడొక చిక్కుంది: తక్కువ ధర క్రాంకుల్లో రింగులు బోల్టులతో కాకుండా రివెట్లతో బిగించి ఉంటాయి. అలాంటివైతే రింగు విడిగా మారదు, క్రాంకు సెట్టు మొత్తం మార్చాల్సిందే. మీది ఏ రకమో చెప్పండి.

టక్ టక్ చప్పుడు: రెండు క్రాంకులనూ పట్టుకుని ఫ్రేము వైపు, బయటికి ఊపండి. రెండు వైపులా ఆడితే బాటమ్ బ్రాకెట్ అరిగింది. ఒక వైపే ఆడితే ఆ క్రాంకు బోల్టు వదులైంది, లేదా లోపలి చతురస్రపు రంధ్రం సాగిపోయింది. సాగిన క్రాంకును ఎంత బిగించినా నిలవదు. ఏదీ ఆడకపోతే పెడళ్ళు మార్చి చూడండి, సీటు పోస్టు గ్రీజు చేశాక మళ్ళీ వినండి. టక్ టక్‌ల్లో చాలావరకు అక్కడివే, కింద నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి.

ఇవి చూసి రాయండి. ఆ తర్వాత ఫోర్కు సంగతి మాట్లాడదాం.

తురహళ్ళి_గుండ్లు:

పానా గారు చెప్పింది సరే, కానీ నేను వేరే వైపు నుంచి వస్తాను. ఈ బండిని ట్రెయిల్‌కు (రాళ్ళూ మట్టీ ఉన్న బాటకు) తీసుకెళ్ళాలనుకుంటే అప్‌గ్రేడు పేరుతో ఒక్క రూపాయి పెట్టొద్దు. కారణం ఫ్రేము బలం కాదు, కొలతలు.

2013 నాటి 26 అంగుళాల హార్డ్‌టైల్‌లో హెడ్ యాంగిల్ (హెడ్‌ట్యూబ్ వాలు) 70, 71 డిగ్రీల దగ్గర ఉంటుంది, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టుకునే ముక్క) 90 నుంచి 100 మి.మీ. ఇప్పటి ట్రెయిల్ హార్డ్‌టైల్‌లో 65 నుంచి 67 డిగ్రీలు, స్టెమ్ 50 చుట్టూ. తురహళ్ళి బండరాళ్ళ మీంచి దిగేటప్పుడు పాత బండిలో మీ బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, చక్రమేమో మీ చేతుల కిందే ఉంటుంది. కాస్త పెద్ద రాయి తగిలితే హ్యాండిల్ మీంచి ఎగిరిపడతారు. ఎంత ఖరీదైన ఫోర్కు వేసినా ఈ సంగతి మారదు.

ఫోర్కు విషయానికొస్తే, షాపువాళ్ళు ఏ ఫోర్కు వేస్తామన్నారో పేరూ కొలతా రాయించుకోండి. 26 అంగుళాలకు మంచి ఎయిర్ ఫోర్కులు కొత్తవి దొరకడం కష్టం. చాలాసార్లు 27.5 ఫోర్కు తగిలిస్తారు. 26కి 100 మి.మీ. ఫోర్కు ఇరుసు నుంచి క్రౌను (ఫోర్కు కాళ్ళు కలిసే పై భాగం) వరకు దాదాపు 470 మి.మీ. ఉంటే, అదే ప్రయాణమున్న (పైకీ కిందికీ అంతే కదిలే) 27.5 ఫోర్కు దాదాపు 490 ఉంటుంది. ముందు భాగం 20 మి.మీ. లేస్తే హెడ్ యాంగిల్ ఒక డిగ్రీ పడుతుంది, సీటు వెనక్కి వాలుతుంది, పెడళ్ళు పైకి లేస్తాయి. ఆ ఒక్క డిగ్రీతో బండి చెడిపోదు. కానీ 120, 130 ప్రయాణమున్నది వేస్తే హెడ్‌ట్యూబ్ వెల్డింగు మీద పడే ఒత్తిడికి ఆ ఫ్రేము తయారు కాలేదు. ఎక్సెల్ షీట్లో బాగానే కనిపిస్తుంది, రాళ్ళ మీదే తేడా తెలుస్తుంది.

ఇక స్టీరర్, అంటే హెడ్‌ట్యూబ్‌లోకి వెళ్ళే ఫోర్కు గొట్టం. మీ హెడ్‌ట్యూబ్ పైనా కిందా ఒకే లావుంటే, లోపలి వ్యాసం 34 మి.మీ. అయితే, నిటారు 1-1/8 అంగుళం స్టీరర్ మాత్రమే పడుతుంది. లోపల 44 మి.మీ. ఉన్న ఫ్రేమైతే కింద బయటి కప్పు వేసి టేపర్డ్ ఫోర్కు (స్టీరర్ పైన సన్నగా, కింద లావుగా ఉండేది) ఎక్కించొచ్చు. ఇప్పుడొస్తున్న మంచి ఫోర్కులన్నీ టేపర్డే, ఇరుసు 15 మి.మీ. థ్రూ యాక్సిల్ (ఫోర్కులోంచి దూర్చి బిగించే లావు ఇరుసు), అందులోనూ ఎక్కువ 110 మి.మీ. వెడల్పున్న బూస్ట్ రకం. మీ ముందు చక్రం 100 మి.మీ. క్విక్ రిలీజు (లివరుతో ఊడే సన్నటి ఇరుసు). అంటే ఫోర్కు మారిస్తే హబ్బు (చక్రం మధ్య భాగం), హబ్బు మారిస్తే చక్రం. 38 వేలలో ఆ చక్రం లెక్క ఉందా? అడగండి.

బెళ్ళందూరు_బండి:

ఇద్దరికీ థాంక్స్ అండి. నిన్న సాయంత్రం కూర్చుని చూశాను.

సీటు పోస్టు వచ్చింది, 31.6 మి.మీ. అని దాని మీదే రాసి ఉంది. ఫ్రేములో ఎక్కడా గీత కనిపించలేదు. చైను 12 అంగుళాలకు 1/8 కంటే కొంచెం ఎక్కువే సాగింది. నడిమి రింగు పళ్ళు వంగి ఉన్నాయి, రింగులు రివెట్లతోనే ఉన్నాయి. క్రాంకు రెండు వైపులా ఆడుతోంది. హెడ్‌ట్యూబ్ పైనా కిందా ఒకే లావు, కప్పులు బయటికి ఉన్నాయి. ఫోర్కు కాళ్ళ మీద కొంచెం తుప్పు మచ్చలు, కానీ సీలు కింద భాగం మెరుస్తూనే ఉంది. వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా తెలియలేదు. షాపులో చక్రం లెక్క లేదన్నారు, 'అడ్జస్ట్ చేస్తాం' అన్నారు.

ఇంకో ప్రశ్న: 1×10 చేయించుకుంటే నందికి తేలికగా ఉంటుందా? అందరూ ముందు ఒకటే రింగు మంచిది అంటున్నారు.

లెక్కల_మాస్టారు:

1×10 గురించి నేను చెప్తాను, మిగతావి పెద్దలు చూసుకుంటారు.

26×2.1 టైరు చుట్టుకొలత దాదాపు 2.07 మీటర్లు. నిమిషానికి 80 సార్లు తొక్కితే గేరు నిష్పత్తిని సుమారు 9.9తో గుణిస్తే గంటకు కి.మీ. వస్తుంది. మీ దగ్గరున్న అతి తేలిక గేరు 22/32, అంటే 0.69, వేగం 6.8 కి.మీ. అతి బరువు గేరు 42/11, అంటే 3.82, వేగం 38 కి.మీ.

ముందు 32, వెనక 11-42 పెట్టారనుకోండి. తేలిక గేరు 0.76, వేగం 7.6. బరువు గేరు 2.91, వేగం 29. అంటే కొండ మీద ఇప్పటికంటే బరువవుతుంది, రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డులో 29 దాటితే కాళ్ళు గాల్లో తిరుగుతాయి. రెండు వైపులా పోగొట్టుకుని డబ్బు కట్టడం. వెనక 11-46 పెడితే 32/46, అదే 0.70, కొండ మీద ఇప్పటి స్థాయికి వస్తారు. పైవైపు నష్టం అలాగే ఉంటుంది.

రాళ్ళ మీద చైను పడిపోకుండా ఉండటానికీ, ఎడమ చేతికి పని తగ్గడానికీ 1× మంచిదే. ఆఫీసుకూ నందికీ తిరిగే బండికి 3×8ని తీసేయడానికి నాకు కారణం కనిపించట్లేదు. 8 స్పీడు చైను, క్యాసెట్ చవక, ఎక్కువ కాలం వస్తాయి, జయనగర్‌లో పెద్ద షాపు అక్కర్లేదు, ఎక్కడైనా దొరుకుతాయి.

పానా_8_10:

బండి గారూ, చాలా శుభ్రంగా చూశారు. ఇక తేలాల్సింది వెనక హబ్బు ఒక్కటే. చక్రం విప్పి, చిన్న పళ్ళ వైపు నుంచి మధ్యలోకి చూడండి. టూలు పట్టే గాళ్ళు (గాడులు) ఉన్న రింగు కనిపిస్తుంది. పళ్ళను వెనక్కి తిప్పండి. ఆ గాళ్ళు కూడా పళ్ళతో పాటు తిరిగితే క్యాసెట్. పళ్ళు తిరుగుతూ గాళ్ళు కదలకుండా ఉంటే మరలతో బిగించే ఫ్రీవీల్.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఫ్రీవీల్ హబ్బులో కుడి వైపు బేరింగు పళ్ళ లోపలి వైపు ఉంటుంది. అక్కణ్ణించి ఫ్రేము దాకా ఇరుసు ఆధారం లేకుండా వేలాడుతుంది. 8 స్పీడు వెడల్పుకు ఆ దూరం మరీ ఎక్కువ. బెంగళూరు గుంతలకు ఇరుసు వంగడం, విరగడం అందుకే. క్యాసెట్ హబ్బులో బేరింగు బయటి చివరికి వస్తుంది కాబట్టి ఆ బెడద తక్కువ. మీది క్యాసెట్టే అయ్యుండాలి, అయినా చూడండి.

క్యాసెట్ అయితే నా లెక్క ఇది. 8 స్పీడు చైను ఒకటి, షిమానో 11-32 లేదా 11-34 క్యాసెట్ ఒకటి, బోల్టు రింగులున్న స్క్వేర్ టేపర్ 3× క్రాంకు సెట్టు ఒకటి, బాటమ్ బ్రాకెట్ షిమానో యూఎన్300 ఒకటి, గేరు వైర్లు రెండు, కొత్త ఔటరు (వైరు తొడుగు). క్రాంకు కొనేటప్పుడు రివెట్లు లేనిదే అడగండి, లేకపోతే మూడేళ్ళకు మళ్ళీ ఇదే కథ. బాటమ్ బ్రాకెట్‌కు రెండు కొలతలు కావాలి: షెల్లు (అది కూర్చునే ఫ్రేము గొట్టం) వెడల్పు 68 లేదా 73 మి.మీ., ఇరుసు పొడవు. పొడవు పాతదాని మీద ఉన్నది కాదు, కొత్త క్రాంకుకు కంపెనీ చెప్పినది తీసుకోండి. 122.5 కావాల్సిన చోట 113 వేస్తే చిన్న రింగు చైన్‌స్టేకు రాసుకుంటుంది.

బ్రేకులు. షిఫ్టరు, లివరు ఒకే ముక్క అన్నారు. హైడ్రాలిక్‌కు మారితే ఆ ముక్క మొత్తం పోతుంది. అంటే షిమానో ఎంటీ200 లాంటి సెట్టు ధర ఒక్కటే కాదు, 3×8 షిఫ్టర్లు విడిగా కొనాలి. ఈ సంగతి చాలామందికి పాత లివరు విప్పాకే తెలుస్తుంది. దానికి ముందు ఉన్న బ్రేకును సరిచేసి చూడండి. వైరు డిస్కుల్లో చాలావాటిలో బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది. అది రోటరును వంచి లోపలి ప్యాడుకు ఆనిస్తుంది. లోపలి ప్యాడు అరిగేకొద్దీ దాని మర తిప్పి దగ్గరికి తేవాలి. ఎవరూ తేరు, వైరు మాత్రమే బిగిస్తూ పోతారు. దాంతో కాలిపర్ చేయి సగం ప్రయాణం ముందే తిరిగిపోయి బలం పోతుంది, లివరు హ్యాండిల్‌కు ఆనుతుంది.

ఇలా చేయండి: ప్యాడ్లు తీసి చూడండి, పదార్థం 0.5 మి.మీ. మిగిలితే మార్చాల్సిందే. రోటరు మందం కొలవండి, షిమానో రోటర్లు కొత్తగా 1.8 ఉంటాయి, 1.5 దగ్గర తీసేయాలి. బ్రేకు వైరు, ఔటరు కొత్తవి వేయండి. వైరును వదులుగా ఉంచి, కాలిపర్ చేయి పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు లోపలి ప్యాడును రోటరుకు వెంట్రుకవాసి దూరానికి తెండి. అప్పుడు వైరు బిగించండి. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డులో 20 కి.మీ. వేగం నుంచి నడక వేగం దాకా ఓ ఇరవై సార్లు ఆపండి, పూర్తిగా ఆగిపోకుండా. ప్యాడు పదార్థం రోటరు మీద పల్చటి పొరగా ఎక్కకపోతే కొత్త ప్యాడ్లు కూడా కీచుమంటాయి, పట్టవు.

ఫోర్కు గురించి గుండ్లు గారితో నాకు పేచీ లేదు, కొత్తది వేయొద్దు. కానీ మీది చచ్చిపోలేదు. సీలు కింద మెరుస్తోంది అన్నారు. మామూలు ఎక్స్‌సీటీలో ఆయిల్ ఉండదు, స్ప్రింగు, బుష్షులు, గ్రీజే. కింద రెండు కాళ్ళ అడుగున ఒక్కో బోల్టు ఉంటుంది. చక్రం, కాలిపర్ తీసేసి ఆ రెండు బోల్టులు వదులు చేసి, బోల్టు రెండు మూడు మరల మీద ఉండగానే ప్లాస్టిక్ సుత్తితో తట్టి వదిలించి, ఆపై బోల్టులు పూర్తిగా తీసి కింది కాళ్ళను కిందికి లాగేయండి. లోపల నల్లటి పేస్టు కనిపిస్తుంది, అదే మీ సస్పెన్షన్ బిగుసుకోవడానికి కారణం. కిరసనాయిల్‌తో తుడిచి, బుష్షుల మీద సస్పెన్షన్ గ్రీజు ధారాళంగా పెట్టి ఎక్కించండి. మామూలు లిథియం గ్రీజు రబ్బరు సీళ్ళను ఉబ్బిస్తుంది, వద్దు. దీంతో అది గొప్ప ఫోర్కు అయిపోదు. రెండున్నర కిలోల ఇనుము, రిబౌండు (నొక్కుకున్నాక తిరిగి లేచే వేగం) అదుపు ఉండదు. కానీ కదులుతుంది.

అంతా కలిపితే లేబరుతో సహా పది వేలు దాటకూడదు. దాటితే ఎక్కడో అక్కర్లేనిది వేస్తున్నారు.

అడయార్_గాలి:

చెన్నై నుంచి చిన్న మాట. అక్కడ పన్నెండేళ్ళు నిలిచిన ఫ్రేము ఇక్కడ బీచ్ రోడ్డు పక్కన నాలుగేళ్ళలో వేరే రూపు తీసుకుంటుంది. ఉప్పు గాలికి అల్యూమినియం పోస్టూ ఫ్రేమూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, స్పోకు నిపిళ్ళు (స్పోకు చివరి నట్లు) రిమ్ములోనే గట్టిపడిపోతాయి. చెన్నైలో ఎవరైనా ఈ థ్రెడ్డు చదువుతుంటే, పానా గారి పరీక్షలకు తోడు ఒకటి కలపండి: స్పోకు రెంచితో ఒక్కో నిపిలు పావు మర తిప్పి చూడండి. నాలుగైదు కదలకుండా స్పోకు మెలి తిరిగితే ఆ చక్రానికి బెండు తీయడం ఇక కుదరదు. చక్రం మార్చాలంటే 26లో మంచి రిమ్ము వెతుక్కోవాలి, అక్కడే అప్‌గ్రేడు లెక్క తలకిందులవుతుంది.

26 అంగుళాల టైర్లు, ట్యూబులు మాత్రం ఇంకా చాలా ఏళ్ళు దొరుకుతాయి. హీరో, హెర్క్యులెస్ బళ్ళు అదే సైజులో వస్తున్నాయి కాబట్టి పల్లెటూరి షాపులో కూడా ఉంటాయి. మంచి ట్యూబ్‌లెస్ ట్రెయిల్ టైరు కావాలంటేనే కష్టం.

తురహళ్ళి_గుండ్లు:

పానా గారి పది వేల లెక్కకు ఒప్పుకుంటున్నాను, అది అప్‌గ్రేడు కాదు, సర్వీసు. ఆఫీసు బండిగా దాన్ని అలా నిలబెట్టుకోండి. ట్రెయిల్ మీద నిజంగా ఇష్టం ఉంటే మిగిలిన డబ్బు కొత్తదాని కోసం దాచండి. 40 వేలకు వచ్చే కొత్త ఎంటీబీని మాత్రం కొనకండి. ఎందుకంటే దానిలోనూ అదే స్ప్రింగు ఫోర్కు, అదే క్విక్ రిలీజు ఇరుసు, చక్రం మాత్రమే 27.5 లేదా 29. మీ పాత బండినే కొత్త రంగులో కొన్నట్టు.

కొత్తది చూసేటప్పుడు స్టిక్కర్లు వదిలేసి ఇవి చూడండి: టేపర్డ్ హెడ్‌ట్యూబ్, ఎయిర్ ఫోర్కు, ముందు 110×15 వెనక 148×12 థ్రూ యాక్సిల్, మరల బాటమ్ బ్రాకెట్, హైడ్రాలిక్ బ్రేకులు. వెనక హబ్బు బాడీ (క్యాసెట్ ఎక్కే భాగం) ఏ రకమో కూడా అడగండి. మామూలు హెచ్‌జీ బాడీ అయితే డియోర్ 10 స్పీడు 11-46, 11 స్పీడు 11-51 రెండూ పడతాయి. షిమానో 12 స్పీడు ఎంటీబీ క్యాసెట్లకు మైక్రో స్ప్లైన్ బాడీ కావాలి, ఎస్‌ర్యామ్ ఖరీదైన ఈగిల్ వాటికి ఎక్స్‌డీ. ఇవన్నీ ఉన్న బండి అరవై, డెబ్బై వేల దగ్గర మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది, పాత రేటు జాబితా చూపిస్తే ఒప్పుకోకండి.

సెకండ్ హ్యాండు కూడా చూడొచ్చు. బాటమ్ బ్రాకెట్ కింద ఫ్రేము నంబరు ఉంటుంది, దాన్ని బిల్లులో నంబరుతో సరిచూడండి. నంబరు గీకేసి ఉంటే, బిల్లు లేదంటే, ధర ఎంత తక్కువైనా వద్దు. ఎయిర్ ఫోర్కు అయితే కాళ్ళ మీద గోరు పట్టే గీతలున్నాయా చూడండి, గాలి నింపించి ఓ అరగంట అక్కడే కాఫీ తాగి వచ్చి ప్రెజర్ మళ్ళీ కొలవండి.

లెక్కల_మాస్టారు:

గుండ్లు అన్నా, ఆయన వాడకంలో ట్రెయిల్ ఎంత? ఎక్కువ భాగం తారు రోడ్డే కదా. కొత్తది కొంటే ఎంటీబీనే ఎందుకు, 700×40 టైరు పట్టే హైబ్రిడ్ (రోడ్డుకూ తేలికపాటి మట్టికీ పనికొచ్చే సైకిలు) ఎందుకు కాదు? ఆఫీసుకూ నందికీ అదే తేలిక.

ఇంకో చవక మార్గం. పాత బండికి 2.1 బొడిపెల టైర్లు తీసేసి 26×1.75 నున్నటి టైర్లు వేసి, 50 పీఎస్‌ఐ పెట్టమనండి. తారు మీద వేగం తేడా మొదటి రోజే తెలుస్తుంది. మట్టికి వెళ్ళేటప్పుడు పాతవి వేసుకుని 32 దగ్గర ఉంచితే సరి.

తురహళ్ళి_గుండ్లు:

అదీ నిజమే మాస్టారూ. నున్నటి టైర్ల మాట నేను చెప్పాల్సింది. తురహళ్ళి మాట ఆయన ఎత్తబట్టి నేను అటు పోయాను.

బెళ్ళందూరు_బండి:

వెనక చూశాను, గాళ్ళు పళ్ళతో పాటే తిరుగుతున్నాయి, క్యాసెట్టే. సర్వీసుకే మొగ్గుతున్నాను. టైర్లు కూడా 1.75 వేయిస్తాను. కొత్తది వచ్చే ఏడాది చూద్దాం, అదీ హైబ్రిడ్ అనే అనిపిస్తోంది.

క్రాంకు, బాటమ్ బ్రాకెట్ నేనే ఇంట్లో విప్పుకుందామనుకుంటున్నాను. అందులో ఏమైనా పాడుచేసే ప్రమాదం ఉందా పానా గారూ?

పానా_8_10:

రెండు చోట్ల ఉంది. క్రాంకు బోల్టు విప్పాక లోపల వాషరు మిగిలి ఉంటే తీసేయండి. కనిపించకుండా గ్రీజులో అతుక్కుని ఉంటుంది, అది ఉండగా పుల్లరు (క్రాంకును లాగే టూలు) తిప్పితే క్రాంకు రాదు, మరలు చిరుగుతాయి. పుల్లరు బయటి భాగాన్ని ముందు చేత్తోనే క్రాంకులోకి తిప్పండి, కనీసం ఆరేడు మరలు లోపలికి పోవాలి. మరలు చెత్తతో నిండి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. పూర్తిగా ఎక్కాకే పానాతో బిగించి, అప్పుడు మధ్య రాడ్డు తిప్పండి.

రెండోది మరల దిశ. బాటమ్ బ్రాకెట్ కుడి వైపు కప్పు, అంటే చైను వైపుది, ఎడమ మరలు. విప్పాలంటే సవ్యదిశలో తిప్పాలి. ఎడమ వైపు కప్పు మామూలుగానే అపసవ్యదిశలో. పెడళ్ళకు ఇది తిరగేసి ఉంటుంది, ఎడమ పెడలుకే ఎడమ మరలు. టూలు జారకుండా క్రాంకు బోల్టూ పెద్ద వాషరూ వేసి టూలును షెల్లుకు అదిమి పట్టించి, పొడుగు పానాతో తిప్పండి. పన్నెండేళ్ళుగా విప్పలేదు కాబట్టి ముందు రాత్రే డబ్ల్యూడీ-40 కాకుండా చొచ్చుకుపోయే ఆయిల్ ఏదైనా కొట్టి వదిలేయండి.

ఎక్కించేటప్పుడు షెల్లు మరలకు గ్రీజు, కప్పులు 50 నుంచి 70 న్యూటన్ మీటర్లు, క్రాంకు బోల్టులు 35 నుంచి 50. క్యాసెట్ లాక్‌రింగు 40. టార్క్ రెంచి లేకపోతే విప్పడం మీరు చేయండి, బిగించడం షాపులో చేయించండి. క్రాంకు బోల్టులను మాత్రం వంద కి.మీ. తొక్కాక మరోసారి బిగించి చూసుకోండి. ఎడమ క్రాంకు వదులై, ఆ వదులు మీదే వాడేసి రంధ్రం సాగగొట్టుకునేది అప్పుడే.